ఇంట్లో తొక్కే సైకిలు

మండలం ఆటల పోటీల ఆఖరి రోజున ఉపాధ్యాయులకు కూడా ఒక పరుగు పందెం పెట్టారు. వంద మీటర్లు. మైకులో పేర్లు చదువుతున్నాయన, "మన వ్యాయామ ఉపాధ్యాయులు ఢిల్లీరావు గారు కూడా ట్రాకు మీదికి రావలసిందిగా కోరుతున్నాం" అన్నాడు. ఢిల్లీరావు మాస్టారు విననట్టే జేబులోంచి సెల్లు తీసి చెవికి ఆనించుకుని, "ఆఁ, చెప్పండి... గ్రౌండులోనే ఉన్నాను..." అంటూ నీళ్ల ట్యాంకు వెనక్కి నడిచాడు. అవతల ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడే, చెవి దగ్గరున్న ఆ సెల్లు గణగణా మోగింది.

ట్యాంకు దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడపిల్లలు నలుగురు ముందు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆపుకోలేకపోయారు.

నలభై తొమ్మిదేళ్లు, తొంభై ఆరు కిలోలు. ఒకప్పుడు జిల్లా వాలీబాల్ జట్టుకు ఆడిన మనిషి. ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఈల ఊదుతాడు. "ఒకటి, రెండు" అని లెక్క మాత్రం ఆయనది, వంగి లేవడం పిల్లలది. ఆ వారమే టెక్కలిలో డాక్టరు రక్తం కాగితాలు చూసి పెదవి విరిచాడు. షుగరు. బీపీ ముందు నుంచే ఉంది. మోకాలి చిప్ప అరిగింది.

"నడిస్తే మోకాలు పోతుంది, నడవకపోతే షుగరు పెరుగుతుంది. సైకిలు తొక్కండి మాస్టారూ, రోజూ నలభై నిమిషాలు. అయినా డ్రిల్లు మాస్టారికి నేను చెప్పాలా?" అని నవ్వాడు డాక్టరు.

సైకిలు ఇంట్లోనే ఉంది. స్కూటరు కొనక ముందు తొక్కినది, పెరటి వసారాలో గోడకు ఆనించి ఉంది. గాలి కొట్టించి ఒకరోజు తెల్లారకుండానే బయల్దేరాడు. పాల క్యాన్లతో ఎదురొచ్చిన పాత విద్యార్థి ఒకడు బండి ఆపి మరీ, "ఏటి మాస్టారూ, స్కూటరు పాడైపోనాదేటి? ఎక్కండి, దింపీసొత్తాను" అన్నాడు. పాపం, వాడు మర్యాదకే అన్నాడు. మాస్టారు మాత్రం మర్నాడు సైకిలు ముట్టుకోలేదు.

"ఇంట్లో తొక్కే సైకిళ్లు ఉన్నాయట కదా, టీవీలో సూపిత్తన్నారు," అంది భార్య కమలకుమారి. "భార్గవి గది కాళీగానే ఉంది. తలుపేసుకొని తొక్కుకోండి. ఎవుడు సూత్తాడు?"

భార్గవి వాళ్ల ఒక్కగానొక్క కూతురు, విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతోంది. ఆ సలహా మాస్టారికి నచ్చింది. కానీ టెక్కలిలో కొంటే సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. అందుకని ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కి పలాస వెళ్లారు. అక్కడ కాశీబుగ్గలో ఒక సైకిళ్ల దుకాణంలో అలాంటివి పెట్టారని కమలకుమారి ఎవరి దగ్గరో విన్నది.

దుకాణం పేరు గంగమ్మ సైకిల్ మార్ట్. ముందు చిన్నపిల్లల సైకిళ్లు వేలాడుతున్నాయి. లోపల ఒక పక్క, పాలిథిన్ కవర్లు కప్పి, చక్రాలు లేని సైకిళ్లు రెండు మూడు నిలబెట్టి ఉన్నాయి. పాతికేళ్లు నిండని ఒక అమ్మాయి కింద కూర్చుని, చీర కొంగు నడుముకు దోపుకుని, ఒక చక్రానికి పుల్లలు బిగిస్తోంది. వీళ్లను చూసి చేతులు తుడుచుకుంటూ లేచింది.

"రండి సార్. ఇంట్లో తొక్కీదా? ఎవరికండి?"

"మా బంధువొకాయనకి," అన్నాడు మాస్టారు. కమలకుమారి ఆయన ముఖం వైపు చూసింది.

"ఆయన బరువెంతుంటారు? బరువును బట్టి ఇత్తాం సార్."

"సుమారు... నా అంత."

ఆ అమ్మాయి నవ్వు దాచుకుంటూ ఆయన్ని పైకీ కిందికీ చూసింది. చూస్తూ చూస్తూ ఆగిపోయింది.

"మాస్టారూ! డ్రిల్లు మాస్టారు కదేటి మీరు! నాను ఇందుని. దోనెలపేట బైరాగి కూతుర్ని. సూరాడ ఇందుని మాస్టారూ!"

వంగి కాళ్లకు దణ్ణం పెట్టింది. ఢిల్లీరావు రెండడుగులు వెనక్కి వేశాడు. ముఖం గుర్తు పట్టలేదు గానీ, ఆ పేరు పదేళ్లలో ఆయన ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

ఆమె అప్పటికే లోపలికి కేకేసింది. "ఓ మావా, ఇలగ రా! మా మాస్టారు వొచ్చినారు!"

లోపలి నుంచి ఆమె భర్త శివాజీ వచ్చాడు. అతనూ ఇందులాగే చేపల వేట కుటుంబం వాడే. సముద్రం పడక ఒడ్డుకొచ్చి, సైకిలు పని నేర్చుకుని, ఈ దుకాణం పెట్టాడు.

"నాను సెప్తాను సూడు, ఈయనే. తొక్కడం మా అయ్య సైకిలు మీదే వొచ్చీసినాది. పందెంలో ఊపిరెలగ దాసుకోవాలో, ముందోడి ఎనకాల గాలి తగలకండా ఎలగ పోవాలో, అదంతా ఈయనే నేర్పినారు. జిల్లాకి ఫస్టొచ్చినాను. ఆ ఏడు రాష్ట్రం ఆటలు రద్దయిపోనాయి గాని, నేకపోతేనా..." అని మాస్టారి వైపు తిరిగింది. "కదా మాస్టారూ?"

దుకాణంలో పంకా తిరుగుతోంది. అందరూ తన వైపే చూస్తున్నారు. నిజం చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది. ఆయన దాన్ని వదిలేశాడు.

"అవునమ్మా," అన్నాడు. "మన దురదృష్టం."

ఆ ఏడు ఆటలు రద్దు కాలేదు.

పదేళ్ల కింద, తొంభై ఏడులో, ఆయన ఉద్దానంలో ఒక హైస్కూల్లో పనిచేసేవాడు. దోనెలపేట నుంచి ఇందు తొమ్మిదో తరగతికి వచ్చేది. తండ్రి చేపల గంప కట్టుకునే పాత సైకిలు మీద, కొబ్బరి తోటల మధ్య ఇసుక బాటలో, రాను తొమ్మిది పోను తొమ్మిది కిలోమీటర్లు తొక్కేది. ఇసుకలో తొక్కిన కాళ్లు కావడంతో తారు రోడ్డు మీద ఆ పిల్లను పట్టుకోవడం మగపిల్లల వల్ల కూడా కాలేదు. శ్రీకాకుళంలో సైకిలు పందెం జిల్లా ఎంపికల్లో రెండో పిల్లకూ ఇందుకూ మధ్య చూపు ఆనని దూరం. నవంబరులో రాష్ట్ర పోటీలకు రమ్మని కాగితం వచ్చింది. గుంటూరు. నాలుగు రోజులు. వెంట వ్యాయామ ఉపాధ్యాయుడు వెళ్లాలి.

ఆ నాలుగు రోజుల్లోనే టెక్కలిలో ఆయన కట్టుకుంటున్న ఇంటికి స్లాబు ముహూర్తం. మేస్త్రీ దొరకడమే కష్టంగా ఉంది. ఆయన కాగితం మడిచి సొరుగులో పెట్టాడు. హెడ్మాస్టారు అడిగితే, "తల్లిదండ్రులు ఒప్పుకోలేదండి. వేటకెళ్లే వాళ్లు, ఆడపిల్లని అంత దూరం ఎక్కడ పంపిస్తారు?" అన్నాడు. హెడ్మాస్టారు తల ఊపి నమ్మేశాడు. నమ్మడానికి ఎంతో వీలుగా ఉండే అబద్ధం అది. బడి క్రీడల రిజిస్టరులోనూ ఢిల్లీరావు అదే రాశాడు. ఆ పిల్ల మాత్రం రోజూ పొద్దున్నే సైకిలు స్టాండు వేసి నేరుగా ఆయన దగ్గరకొచ్చేది. "డేటు వొచ్చిందా మాస్టారూ?" అని అడిగేది. స్లాబు పోసిన మర్నాడు ఆయన, "రద్దయిపోయాయమ్మా" అన్నాడు. ఆ వేసవిలోనే బదిలీ చేయించుకున్నాడు.

"కూర్చోండి మాస్టారూ, నిలబడిపోనారేటి?" అంటోంది ఇందు. టీ తెప్పించింది. కవర్లు తీసి ఒక్కొక్కటే చూపించింది. బంధువు సంగతి మళ్లీ ఎత్తలేదు.

"ఇదిగో, ఇది సవక రకం. ఇనప సక్రానికి నాడా సుట్టి ఉంటాది. బిగిత్తే బరువు, వొదిలితే తేలిక. రెండు నెల్లకి నాడా అరిగిపోయి కీసుమంటాది. పక్కింటోల్లకి కూడా ఇనపడతాది. ఇది అయస్కాంతం రకం. సప్పుడుండదు, మీటరు మీద ఎంత దూరం తొక్కినారో పడతాది."

సప్పుడుండదన్న మాట మాస్టారికి నచ్చింది. "ఇదే ఇచ్చెయ్యమ్మా," అన్నాడు, త్వరగా బయటపడదామని.

"ఎక్కి సూడకండా కొంటారేటి? ఎక్కండి."

రోడ్డు మీద వెళ్లేవాళ్లు చూస్తుండగా ఆయన ఎక్కాడు. సీటు కిందికి నొక్కుకుని కిర్రుమంది. మీటరు కింద ఒక స్టిక్కరు అంటించి ఉంది. ఎంత బరువు వరకు మోస్తుందో దాని మీద ఉంది: తొంభై కిలోలు. ఇందు అది చూసింది. పక్కన ఇంకో బేరం వాళ్లు నిలబడి ఉన్నారు. ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆ స్టిక్కరు మీద అరచెయ్యి కప్పేసింది.

"ఇది మీకు పనికిరాదు మాస్టారూ," అంది మెల్లగా. "మీ కాళ్లు పొడుగు. సీటు ఎనక్కి జరగదు. మోకాలు మరీ మడతపడిపోద్ది."

ఆ చెయ్యి స్టిక్కరు మీదే ఉంది. పుల్లలు బిగించి బిగించి కాయలు కాసిన చెయ్యి. ఢిల్లీరావుకు చెవులు వేడెక్కాయి. ట్యాంకు దగ్గర ఆడపిల్లలు నవ్వినప్పుడు కూడా అంత సిగ్గు కలగలేదు.

"మీకు సొంత సైకిలుందా? అయితే కొత్తది కొననక్కర్నేదు. ఇలగ రండి."

వెనక గదిలో ఇనుప స్టాండు ఒకటి ఉంది. దాని మీద మామూలు సైకిలు బిగించి ఉంది. వెనక చక్రం నేలకు తగలకుండా, ఒక చిన్న రోలరు మీద ఆనుతోంది. శివాజీ విశాఖపట్నంలో అలాంటిది ఎక్కడో చూసి వచ్చి, తనే కొలతలు గీసి వెల్డింగు చేశాడట. పక్కన మరను తిప్పితే రోలరు చక్రానికి నొక్కుకుని ఎత్తు ఎక్కుతున్నట్టు బరువు పెరుగుతుంది.

"ఇది ఎవరిదమ్మా?" అంది కమలకుమారి. వెనక టైరు నున్నగా అరిగిపోయి ఉంది.

"నాదేనండి. పొద్దున్నే షట్టరు దించుకొని ఒక గంట తొక్కుతాను."

"రోడ్డు మీద తొక్కొచ్చు కదా," అన్నాడు మాస్టారు. ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియదు.

"అత్తోరు బాదపడతారు మాస్టారూ, కోడలు సైకిలెక్కి తిరుగుతాందని. ఇదే అలవాటైపోనాది. సక్రం తిరుగుద్ది, నాను కదల్ను," అని నవ్వింది.

ఆ స్టాండే ఖాయం చేసుకున్నారు. వచ్చే ఆదివారం ఇంటికే వచ్చి బిగించి పెడతామంది ఇందు. బస్సులో కమలకుమారి, "ఎంత మంచి పిల్లండి. మీరంటే ఎంత గౌరవమో!" అంది. ఆయన కిటికీలోంచి తల తిప్పలేదు.

ఆ వారమంతా ఆయన ఇందు రాకుంటే బాగుండునని కోరుకున్నాడు. దుకాణానికి ఫోను చేసి వద్దని చెబుదామని రెండు సార్లు నంబరు నొక్కి ఆపేశాడు.

ఆదివారం తొమ్మిదింటికి శివాజీ మోటారు సైకిలు మీద ఇందునూ స్టాండునూ తెచ్చి దింపాడు. ఊళ్లో ఇంకో బేరం చూసుకుని గంటలో వస్తానని వెళ్లాడు. కమలకుమారి వంటింట్లోకి వెళ్లింది. భార్గవి గదిలో ఇందు నేల మీద కూర్చుని పాత సైకిలు వెనక చక్రం నట్లు విప్పడం మొదలుపెట్టింది. మాస్టారు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇల్లు బాగున్నాది మాస్టారూ. ఎప్పుడు కట్టినారు?"

"తొంభై ఏడులో."

"ఆ ఏడా?" అంది ఇందు, తల ఎత్తకుండానే. "ఆ ఏడు నాకు అచ్చిరానేదు. ఆటలు రద్దయిపోనాయంటే పేటలో ఎవులూ నమ్మనేదు మాస్టారూ. అసలు ఆటలే నేవు, ఈ గుంట సైకిలేసుకొని తిరగడానికి నాటకాలాడతాంది అన్నారు. మా అయ్య రోషం మనిషి. అంతకు ముందే నా కోసం కొత్త గొలుసేయించినాడు సైకిలికి. 'ఎవుడితో తిరుగుతన్నావు, సెప్పు' అనీసి తెడ్డు కర్రతో కొట్టినాడు. సైకిలు అమ్మీసినాడు. ఇంక బడికేటెల్తాను? తొమ్మిది కిలోమీటర్లు కదా. మరో రెండేళ్లకి పెల్లి సేసీసినారు." నట్టు ఊడి వచ్చింది. దాన్ని జాగ్రత్తగా కాగితం మీద పెట్టింది. "శివాజీ మావ మంచోడు కాబట్టి సరిపోనాది."

ఆ గొంతులో ఎవరి మీదా కోపం లేదు. అదే ఆయన భరించలేకపోయాడు. ఆ పిల్ల తన మీద కోపంగా ఉందనుకుంటేనే ఇన్నేళ్లూ బతకడం తేలికగా ఉండేదేమో.

"ఇందూ," అన్నాడు. గది లోపలికి ఒక అడుగు వేశాడు. మళ్లీ అన్నాడు. "ఇందూ, ఆటలు రద్దు కాలేదమ్మా."

ఆమె తల ఎత్తింది.

"గుంటూరులో జరిగాయి. నేనే నిన్ను తీసుకెళ్లలేదు. ఆ రోజుల్లోనే ఈ ఇంటి స్లాబు... మేస్త్రీ మళ్లీ దొరకడని... నేనే అబద్ధం చెప్పాను. నీకు రద్దయిందని చెప్పాను. హెడ్మాస్టారికి మీ అమ్మానాన్నా ఒప్పుకోలేదని చెప్పాను."

ఇందు చేతిలో పానా అలాగే ఉండిపోయింది. వీధిలో ఎవరో కొబ్బరి బొండాలమ్మా అని అరుచుకుంటూ పోతున్నాడు. 

"కాయితం వొచ్చినాదా?"

"వచ్చింది."

"నా పేరు రాసున్నాదా అందులో?"

"ఉంది."

"ఎలగ రాసినారు?"

"ఎస్. ఇందు, తొమ్మిదో తరగతి. బాలికల ఇరవై కిలోమీటర్లు."

ఆమె పెదవులు ఆ మాటలను మెల్లగా పలికాయి. ఆ తర్వాత పానా పట్టుకుని మళ్లీ పనిలో పడింది. స్టాండు బోల్టులు బిగించింది. చక్రాన్ని రోలరు మీద ఆనించి చేత్తో తిప్పి చూసింది. సీటు ఎంత ఎత్తులో ఉండాలో కొలవడానికి ఆయన్ని నిలబడమనలేదు. గోడ మీద ఆయన నీడను చూసి అంచనాగా పెట్టేసింది.

కమలకుమారి టీ గ్లాసులతో గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. ఇందు టీ తీసుకోలేదు.

"మా అయ్యకి సెప్పాల మీరు," అంది లేస్తూ. "నాకు కాదు. మా అయ్యకి. ఇప్పటికీ నన్ను నమ్మడు ఆయన."

ఆమె వెళ్లాక కమలకుమారి చాలాసేపు ఆ గదిలోనే కూర్చుంది. గృహప్రవేశానికి వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ ఇంటిని గర్వంగా చూపించిన మనిషి. చివరికి పైకప్పు వైపు చూసి, "ఈ స్లాబు కోసమా?" అంది.  ఆ రోజు ఇద్దరూ సరిగా తినలేదు.

తర్వాతి ఆదివారం ఢిల్లీరావు ఒక్కడే బయల్దేరాడు. ఉద్దానం రోడ్డులో బస్సు దిగి ఆటో ఎక్కి, కొబ్బరి, జీడి తోటలు దాటి, దోనెలపేటలో దిగాడు. దుకాణానికి ఫోను చేసి చెప్పడంతో ఇందు, శివాజీ ముందే వచ్చి ఉన్నారు. బైరాగి వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కిడ్నీలు పాడై రెండేళ్లుగా వేటకు వెళ్లడం లేదు. పాదాలు ఉబ్బి ఉన్నాయి. ఆ పేటలో అలాంటి మనుషులు వీధికి ముగ్గురు నలుగురున్నారు. భార్య గౌరమ్మ చాప మీద నెత్తళ్ల చేపలు ఎండబెడుతోంది.

"మాస్టారు బాబు వొచ్చినారా! కూకోండి బాబూ," అని బైరాగి లేవబోయాడు. ఢిల్లీరావు ఆయన్ని లేవనివ్వలేదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. బస్సులో వల్లె వేసుకున్న మాటలు తల దించుకుని గబగబా అప్పజెప్పాడు.

బైరాగి చెవికి చెయ్యి ఆనించాడు. "ఏటి బాబూ? నాకు సరిగ్గా ఇనపడదు. గట్టిగా సెప్పండి."

పక్క వాకిళ్లలో వల బాగుచేసుకుంటున్న మగవాళ్లు, నీళ్ల బిందెలతో వెళుతున్న ఆడవాళ్లు ఆగారు. ఢిల్లీరావు ఇందు వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఆయన గొంతు పెంచాడు. ముప్పై ఏళ్లు మైదానాల్లో అరిచిన గొంతు అది, ఎంత దూరమైనా వెళుతుంది.

"ఆటలు జరిగాయి బైరాగీ! మీ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పింది నేను. కాగితం వచ్చినా దాచేశాను. మీరు పంపనన్నారని బడి పుస్తకంలో రాశాను!"

పేట అంతా వింది.

"నానా?" అన్నాడు బైరాగి. "నాను పంపనన్నానని రాసినారా? కొత్త గొలుసేయించినాను కద బాబూ. నెల ముందరే."

ఆయన కాసేపు తన పాదాల వైపు చూసుకున్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "అయితే నువ్వు అబద్ధం ఆడనేదన్నమాట."

"నేదయ్యా."

"కొడతావుంటే కూడా అదే సెప్పినావు."

"అదే సెప్పినానయ్యా."

ముసలాయన చేతులు చాపి ఆమెను దగ్గరకు పిలవబోయి, పిలవలేక, ఆ చేతుల్నే ఒళ్లో పెట్టేసుకున్నాడు. మాస్టారు ఏదో అనబోతే ఆపాడు.

"మీరు ఏటీ సెప్పకండి బాబూ. నా కూతురి మాట కన్నా పేటలోల్ల మాట నమ్మినాను. తెడ్డు కర్ర నాదే. అది నా తప్పు. మీ తప్పు మీకాడుంది, నా తప్పు నాకాడుంది. ఒకటి తీసుకొచ్చి ఇంకోదాని మీద కప్పనేము."

గౌరమ్మ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. చాప దగ్గర నుంచి లేచి వచ్చింది. చేతులకు ఉప్పు అంటుకుని ఉంది. "మీకు ఆడపిల్లలున్నారా బాబూ?"

"ఒకర్తి ఉంది."

"సదువుతాందా?"

"ఆఁ."

"అలగే సదవనీండి," అంది గౌరమ్మ. "నా పిల్ల రోజూ సీకటితో లేసి, తల దువ్వుకొని, సైకిలు తుడుసుకొని మీ కాడకొచ్చీది. డేటొచ్చినాదా అని అడగడానికి. రద్దయినాదని ఆ మొకం సూసి సెప్పడానికి మీకు నోరెలగొచ్చినాది బాబూ?"

 ఢిల్లీరావు ఎండలో అలాగే నిలబడ్డాడు.

బైరాగి కాసేపటికి అడిగాడు. "ఎల్లుంటే ఇది గెలిసీదా బాబూ?"

గెలిచేదని చెప్పడం తేలిక. వినడానికీ బాగుంటుంది. ఢిల్లీరావు ఇందు ముఖంలోకి చూసి, "తెలీదు బైరాగీ," అన్నాడు. "రాష్ట్రమంతా వస్తారు. వెళ్లుంటే తెలిసేది. ఇప్పుడు ఎవరికీ తెలీదు."

ఇందు మెల్లగా తల ఊపింది. ఆ రోజు ఆయన చెప్పిన వాటిలో ఆమె ఒప్పుకున్నది ఆ ఒక్క మాటే.

ఆయన వాకిలి దాటుతుంటే వెనక నుంచి వచ్చింది. "బడి పుస్తకంలో రాసినారన్నారు కదా. అది కొట్టీయండి. మా అయ్య ఒప్పుకోనేదని ఎక్కడా ఉండకూడదు."

మర్నాడు సెలవు పెట్టి ఢిల్లీరావు పాత హైస్కూలుకు వెళ్లాడు. కొత్త హెడ్మాస్టారికి విషయమంతా మొదటి నుంచీ చెప్పుకోవలసి వచ్చింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ విన్నాడు. పాత రికార్డులు దిద్దకూడదన్నాడు. చివరికి, కొట్టివేయకుండా కిందనే రాయడానికి ఒప్పుకున్నాడు. బీరువా అడుగు నుంచి క్రీడల రిజిస్టరు తీయించారు. చెదలు అంచులు కొరికిన పేజీలో తన గుండ్రటి చేతిరాత కనిపించింది: 'తల్లిదండ్రులు నిరాకరించినందున పంపలేదు.' దాని కింద రాశాడు: 'పై మాట అబద్ధం. తల్లిదండ్రులు నిరాకరించలేదు. నా సొంత పని వల్ల నేను విద్యార్థినిని తీసుకువెళ్లలేదు.' సంతకం చేసి, ఆ నాటి తేదీ వేశాడు. హెడ్మాస్టారు దాన్ని చదివి పక్కన పొడి అక్షరాలు పెట్టాడు. ఢిల్లీరావు వచ్చేస్తుంటే ఆయన కుర్చీలోంచి లేవలేదు.

ఆ పేజీ జెరాక్సు తీయించి కాశీబుగ్గ తీసుకెళ్లాడు. ఇందు దుకాణం ముందే నిలబడి చదివింది. రెండు సార్లు చదివింది. "అయ్యకి ఇత్తాను," అని మడిచి జాకెట్టులో పెట్టుకుంది. కూర్చోమనలేదు. టీ అనలేదు. ఆయన ఆశించనూ లేదు. అయినా బస్టాండు దాకా నడుస్తుంటే, ఆమె ఒక్కసారైనా మాస్టారూ అని పిలుస్తుందేమోనని తను ఎదురుచూశాడని ఆయనకు అర్థమైంది. ఆ ఎదురుచూపుకి కూడా సిగ్గుపడ్డాడు.

సైకిలు మాత్రం ఆయన మానలేదు. రోజూ పొద్దున్నే భార్గవి గదిలో నలభై నిమిషాలు తొక్కాడు. కొన్నాళ్లు కమలకుమారి ఆ గదిలోకి వచ్చేది కాదు. తర్వాత మంచినీళ్ల గ్లాసు కిటికీలో పెట్టి వెళ్లేది. మూడు నెలలకు తొమ్మిది కిలోలు తగ్గాడు. షుగరు దిగింది. ప్యాంట్లు వదులయ్యాయి. డాక్టరు వీపు తట్టాడు.

స్టాఫు రూములో లెక్కల మాస్టారు గోవిందు గారు ఒకరోజు ఆయన చుట్టూ తిరిగి చూశాడు. "ఏం సాధించారండీ! పదేళ్లు చిన్నవాడైపోయారు. ఏం మందు?"

"మందేం కాదు. ఇంట్లో సైకిలు తొక్కుతున్నాను."

"నాకూ ఒకటి కావాలి. ఎక్కడ కొన్నారు?"

ఢిల్లీరావు దుకాణం పేరు, దారి చెప్పాడు. మీటర్లున్న వాటి జోలికి పోవద్దనీ, సొంత సైకిలుంటే స్టాండు చాలనీ, అక్కడుండే అమ్మాయి ఏది చెబితే అదే తీసుకోమనీ చెప్పాడు.

"ఆ అమ్మాయి మీకు బాగా తెలుసా?"

"తెలుసు."

"అయితే మీ పేరు చెబుతాను. కొంచెం చూసిస్తుంది."

"వద్దు," అన్నాడు ఢిల్లీరావు. గోవిందు గారు ఆశ్చర్యంగా చూస్తుంటే, ఆయన ఈల మెడలో వేసుకుని, తల వంచుకుని మైదానం వైపు నడిచాడు. "నా పేరు చెప్పకండి."